లినాక్ బీమ్ ప్రొఫైల్ తీయడం: మోటారు వాటర్ ట్యాంకు నడిపే పద్ధతి, మన బెజవాడ ఎండలతో సహా

విజయవాడ, గుంటూరు క్యాన్సర్ హాస్పిటల్స్‌లో ఇంటర్న్‌షిప్‌కి చేరే మెడికల్ ఫిజిక్స్ పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది, "వాటర్ ట్యాంకు ఎలా నడపాలండీ?" అని. మాన్యువల్ ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లో బటన్లుంటాయి, కంపెనీ ఇంజనీరు వచ్చి ఒక పూట చూపించి వెళ్తాడు, అయినా రాత్రి ఎనిమిదింటికి పేషెంట్లందరూ వెళ్లిపోయాక ఖాళీ బంకర్‌లో (లినాక్ ఉండే మందపాటి గోడల గదిలో) ట్యాంకు పక్కన నిలబడితే ఏది ముందు ఏది తర్వాత అన్నది తేలదు. అందుకే ఇది రాస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది ముందే చెప్పేస్తాను: గ్రాఫు వంకరగా వస్తే మొదట ట్యాంకును అనుమానించండి, మెషీన్‌ను ఆఖర్న. మోటారు మనం చెప్పిన చోటికే వెళ్తుంది, కానీ ఆ "చోటు" సరిగ్గా ఎక్కడుందో దానికి చెప్పాల్సింది మనమే.

ఫీల్డు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రేడియేషన్ ట్రీట్‌మెంట్ ఇచ్చే లినాక్ అంటే లీనియర్ యాక్సిలరేటర్, ఎలక్ట్రాన్ల వేగం పెంచే మెషీన్. ఎలక్ట్రాన్ గన్ నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లను దాదాపు 3 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌తో వేగం పెంచి, టంగ్‌స్టన్ లాంటి బరువైన లోహంతో చేసిన టార్గెట్‌కి కొడితే ఎక్స్‌రే ఫోటాన్లు పుడతాయి. అవి మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ వస్తాయి కాబట్టి కింద శంఖం ఆకారంలో ఫ్లాటెనింగ్ ఫిల్టర్ పెట్టి సమం చేస్తారు. ఆ కింద బయటికొచ్చే డోస్‌ని లెక్కపెట్టే మానిటర్ చాంబర్లు, బీమ్ పడే మేరని (దాన్నే ఫీల్డ్ అంటారు) కత్తిరించే లోహపు దిమ్మెలైన జాలు, ఎంఎల్‌సీ అనే లోహపు రేకుల వరస. ఇలా బయటికొచ్చిన బీమ్ అడ్డంగా ఎంత సమంగా ఉందో చూపించే గీత ప్రొఫైల్. లోతుకి పోయేకొద్దీ ఎలా తగ్గుతుందో చూపించేది డెప్త్ డోస్, అంటే పీడీడీ. మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి ఈ కొలతలు నీళ్లలో తీస్తారు: ట్యాంకు నీళ్లలో చాంబర్‌ని, అంటే రేడియేషన్ కొలిచే చిన్న గాలి గదిని, మోటారు జరుపుతూ పోతుంది. ట్రీట్‌మెంట్ ప్లానింగ్ సిస్టమ్ ఈ గీతల్నే నమ్ముకుని ప్రతి పేషెంటుకీ డోస్ లెక్క వేస్తుంది. పల్నాడు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి ముప్పై రోజులపాటు వచ్చే మనిషికి పడే డోస్ ఒకనాటి రాత్రి మీరు తీసిన గీత మీద ఆధారపడి ఉంటుంది. పని ఎంత ఆలస్యమైనా ఇక్కడ తొందరపడొద్దు అనేది అందుకే.

టార్గెట్ సంగతి

ఒకే మెషీన్ ఫోటాన్లూ ఇస్తుంది, ఎలక్ట్రాన్లూ ఇస్తుంది. ఫోటాన్ మోడ్‌లో టార్గెట్ దారిలోకి రావాలి, ఫ్లాటెనింగ్ ఫిల్టర్ కిందకి రావాలి. ఎలక్ట్రాన్ మోడ్‌లో టార్గెట్ పక్కకి తప్పుకుని, దాని బదులు ఎలక్ట్రాన్లని వెడల్పుగా చెదరగొట్టే స్కాటరింగ్ ఫాయిల్ రావాలి. ఈ కదలిక కొన్ని మెషీన్లలో గాలి ఒత్తిడితో, కొన్నింటిలో మోటారుతో జరుగుతుంది. కన్సోల్‌లో ఎనర్జీ మార్చినప్పుడు హెడ్ లోపల నుంచి చిన్న శబ్దం వినిపించేది ఇందుకే. స్థానం సరిగ్గా కుదరకపోతే ఇంటర్‌లాక్, అంటే బీమ్‌ని ఆపేసే రక్షణ తాళం, పడి బీమ్ రాదు. ఫోటాన్ మోడ్‌లో టార్గెట్ మీద పడే కరెంటు ఎలక్ట్రాన్ మోడ్‌లో కంటే వందల రెట్లు ఎక్కువ, కాబట్టి ఆ ఇంటర్‌లాక్ చాలా పెద్ద విషయం. 1985 నుంచి 1987 మధ్య అమెరికా, కెనడాల్లో థెరాక్-25 అనే మెషీన్ వల్ల ఆరుగురు పేషెంట్లకి ఘోరమైన ఓవర్‌డోస్ పడింది, వాళ్లలో కొందరు చనిపోయారు. బీమ్ దారిలో ఉండాల్సిన భాగాల్ని మోసే టర్న్‌టేబుల్ ఒక మోడ్‌లో, కరెంటు ఇంకో మోడ్‌లో ఉండిపోవడం, దాన్ని పట్టుకునే హార్డ్‌వేర్ ఇంటర్‌లాక్ లేకపోవడం, సాఫ్ట్‌వేర్‌ని అతిగా నమ్మడం అక్కడ జరిగిన తప్పులు. అందుకే స్కానింగ్ మధ్యలో టార్గెట్ గానీ ఫిల్టర్ గానీ సంబంధించిన ఇంటర్‌లాక్ పడితే రీసెట్ కొట్టి ముందుకెళ్లే అలవాటు అసలు చేసుకోవద్దు. టైమ్, మెసేజ్ నంబరు రాసి సర్వీస్ ఇంజనీరుకి ఫోన్ చేయండి, ఎంత రాత్రయినా సరే.

మోడ్ మార్చాక బీమ్ నిజంగా అదేనా అని గీత చూసి కూడా తెలుసుకోవచ్చు (ఎలక్ట్రాన్ బీమ్ ఎనర్జీని ఎంఈవీలో, ఫోటాన్ బీమ్‌ది ఎంవీలో చెబుతారు). 6 ఎంఈవీ ఎలక్ట్రాన్లు నీళ్లలో దాదాపు 3 సెం.మీ. దగ్గర ఆగిపోతాయి, 6 ఎంవీ ఫోటాన్లు ట్యాంకు అడుగు దాకా పోతూనే ఉంటాయి. అందుకని ప్రతి ఎనర్జీకీ మొదట ఒక చిన్న పీడీడీ గబగబా తీసి చూసుకుని, ఆ తర్వాతే మిగతా పని మొదలుపెట్టండి.

నీళ్లు, ముందురోజే

ట్యాంకులో దాదాపు 200 లీటర్లు పడతాయి, అంటే 20 లీటర్ల క్యాన్లు పది. డిస్టిల్డ్ వాటర్ దొరికితే అదే మేలు, లేకపోతే ఆర్‌వో ప్లాంటు నీళ్లు తెప్పించండి. బోరు నీళ్లు మాత్రం పొయ్యొద్దు. బోరు నీళ్ల వల్ల డోస్ కొలతలో పెద్దగా తేడా రాదు, కానీ గుంటూరు వైపు చాలాచోట్ల బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరిన తర్వాత స్క్రూల మీదా పట్టాల మీదా తెల్లగా పేరుకుని మోటారు కదలిక గరగరమంటుంది. అలా ఒకసారి పేరుకున్నదాన్ని వదిలించడం చాలా కష్టం.

ఇంకో సంగతి ఎండ. మే నెలలో డాబా మీద ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చేయి కాలేంత వేడిగా ఉంటాయి, బంకర్‌లో ఏసీ 22, 23 డిగ్రీల మీద నడుస్తుంటుంది. నీళ్లు అప్పుడే పోసి స్కాన్ మొదలుపెడితే గంటల తరబడి చల్లబడుతూనే ఉంటాయి, ఆ మధ్యలో చాంబర్ లోపలి గాలి సాంద్రత మారుతూ రీడింగ్ జరుగుతుంది. అచ్చంగా ఎంతో లెక్క వేసి చూడండి: 36 డిగ్రీల నీళ్లకీ 24 డిగ్రీల నీళ్లకీ మధ్య టెంపరేచర్ కరెక్షన్‌లో తేడా దాదాపు 4 శాతం. స్కాన్‌లో మనం తీసేది నిష్పత్తులే కదా అనుకోవచ్చు, నిజమే, కానీ కదులుతూ కొలిచే ఫీల్డ్ చాంబర్ నీళ్లలో ఉండి, పోలిక కోసం కదలకుండా పెట్టే రిఫరెన్స్ చాంబర్ గాలిలో ఉన్నప్పుడు రెండూ ఒకేలా మారవు. పీడీడీ మొదట్లో ఒక టెంపరేచరు, చివర్లో ఇంకొకటి ఉంటే ఆ తేడా నేరుగా గీతలోకి వచ్చేస్తుంది. కాబట్టి నీళ్ల క్యాన్లు, లేదంటే ట్యాంకుతో వచ్చే రిజర్వాయర్ ట్రాలీ, ముందురోజు సాయంత్రమే బంకర్‌లో పెట్టి తలుపేసి ఏసీ ఆన్‌లో ఉంచండి. ఏసీ ఖర్చు అని మేనేజ్‌మెంట్‌వాళ్లు గొణుగుతారు, విషయం చెప్పి ఒప్పించండి.

ప్రెషర్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆబ్సొల్యూట్ డోస్ (నిష్పత్తి కాకుండా అసలు డోస్ అంకె) కొలిచేటప్పుడు రూములో ఉన్న బారోమీటరే చూడాలి, ఫోన్ యాప్‌లో కనిపించేది సముద్రమట్టానికి సరిచేసిన అంకె. మన ఊళ్లు పెద్ద ఎత్తులో లేవు కాబట్టి తేడా కొంచెమే ఉంటుంది, అయినా పద్ధతి పద్ధతే. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడైతే ప్రెషర్ 10 హెక్టోపాస్కల్స్ దాకా పడిపోవచ్చు, అంటే ఒక శాతం. ఉదయం రాసుకున్న ప్రెషర్ సాయంత్రానికి వాడకండి.

ట్యాంకు నిలబెట్టడం

అసలు పనంతా ఇక్కడే ఉంది, కాబట్టి ఇది నెమ్మదిగా చదవండి.

ముందు గ్యాంట్రీ (హెడ్‌ని మోస్తూ తిరిగే చేయి) 0 దగ్గర, అంటే బీమ్ నిలువుగా కిందికి పడేలా, ఉందా అని స్క్రీన్ మీద అంకె చూసి ఊరుకోకుండా, హెడ్ ముఖానికి రసమట్టం ఆనించి చూడండి. హెడ్ కింద జాలతో సహా తిరిగే కోలిమేటర్ కూడా 0. ట్యాంకును పేషెంట్ పడుకునే కౌచ్ మీద పెట్టొద్దు, నీళ్లతో కలిపి 200 కిలోలు దాటుతుంది. దానికోసం వచ్చే లిఫ్ట్ ట్రాలీ మీదే పెట్టి, చక్రాలకి లాక్ వేయండి. ట్రాలీ చక్రం అరిగిపోయి ఒక పక్కకి లాగుతుంటే ఆటోనగర్‌లో కొత్త చక్రం వేయించుకోవచ్చు, అక్కడ దొరకని చక్రం లేదు. ట్యాంకు లోపలి పట్టాలూ స్క్రూ రాడ్లూ మాత్రం ఏ లేత్ షాపుకీ తీసుకెళ్లొద్దు, అవి మిల్లీమీటరులో పదో వంతు కచ్చితత్వంతో కదలాల్సినవి, కంపెనీవాళ్లే చూడాలి.

లెవెల్ చేసేటప్పుడు ట్యాంకు అంచు మీద రసమట్టం పెట్టి ఆపేస్తారు చాలామంది. కదిలేది అంచు కాదు, చాంబర్. అందుకే నీళ్లు పోశాక నీటి మట్టాన్నే కొలబద్దగా వాడండి. చాంబర్‌ని సరిగ్గా నీటి మట్టానికి తెచ్చి, మోటారుతో ఎడమ చివరికి, కుడి చివరికి, తర్వాత ముందుకి, వెనక్కి నడిపించండి. నాలుగు మూలల్లోనూ చాంబర్ నీటిని ఒకేలా తాకుతుంటే మెకానిజం లెవెల్‌లో ఉన్నట్టు. ఒక పక్క మునిగి ఇంకో పక్క తేలుతుంటే కింద ఉన్న లెవెలింగ్ స్క్రూలు తిప్పండి. ఇందులో కొంచెం తేడా వస్తే ఏమవుతుందో చూద్దాం: ఒక్క డిగ్రీ వాలు ఉంటే 20 సెం.మీ. పొడవున 3.5 మి.మీ. లోతు తేడా వస్తుంది, 6 ఎంవీ బీమ్‌లో 10 సెం.మీ. లోతున అది దాదాపు ఒకటిన్నర శాతం డోస్. గీత ఒక పక్కకి ఒరిగినట్టు కనిపిస్తుంది, అప్పుడు బీమ్ సిమెట్రీ (రెండు పక్కలా ఒకేలా ఉండటం) పోయిందని మెషీన్ మీద పడతారు. మెషీన్ తప్పేమీ లేదు అక్కడ.

తర్వాత జీరో. చాంబర్ మధ్యభాగం సరిగ్గా నీటి మట్టానికి రావాలి. పైనుంచి చూస్తే ఇది ఎప్పటికీ తెలియదు, నీరు చాంబర్‌కి అంటుకుని పైకి లాగుతుంది. ట్యాంకు పక్కన కిందకి వంగి, అద్దం గోడలోంచి నీటి మట్టానికి కొంచెం కిందనుంచి పైకి చూడండి. చాంబర్ చివర, నీటిలో దాని ప్రతిబింబం రెండూ కనిపిస్తాయి. చాంబర్‌ని 0.1 మి.మీ. చొప్పున పైకి తెస్తుంటే రెండూ దగ్గరవుతూ వచ్చి, ఒక దశలో రెండూ కలిసి ఒకే నిండు గుండ్రంగా కనిపిస్తాయి. అదే జీరో. అక్కడ ఆపి, అలలు తగ్గేదాకా నిమిషం ఆగి, మళ్లీ చూసి సెట్ చేయండి. స్కానింగ్ మొత్తంలో నాకు ఎంతో ఇష్టమైన పని ఇది. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని మన బదులు చేయలేదు. నీళ్లు ఆవిరవుతుంటాయి కాబట్టి రెండు మూడు గంటలకోసారి మళ్లీ ఇదే చూడాలి. ఎస్‌ఎస్‌డీ (బీమ్ పుట్టే చోటు నుంచి నీటి మట్టానికి దూరం) 100 సెం.మీ. అనుకుని పెట్టిన నీటి మట్టం ఒక మిల్లీమీటరు దిగితే బీమ్ దూరమే 0.2 శాతం తేడా తెస్తుంది, చాంబర్ లోతు కూడా ఆ మిల్లీమీటరు మేర మారిపోతుంది.

ఆ తర్వాత వచ్చే గందరగోళం ఎఫెక్టివ్ పాయింట్. గుండ్రటి చాంబర్‌లో కొలత జరిగే చోటు మధ్యలో కాకుండా కాస్త పైన ఉంటుంది. ఫోటాన్లకి లోపలి రేడియస్‌లో 0.6 వంతు, ఎలక్ట్రాన్లకి 0.5 వంతు. రేడియస్ 3 మి.మీ. ఉంటే ఫోటాన్లకి 1.8 మి.మీ., ఎలక్ట్రాన్లకి 1.5 మి.మీ. దీన్ని కొందరు చాంబర్‌ని నిజంగానే జరిపి సరిచేస్తారు, కొందరు సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్‌సెట్ పెడతారు. ఏదైనా పర్వాలేదు, రెండూ కలిపి చేయొద్దు. ఏది చేశారో నోట్‌బుక్‌లో పెద్దక్షరాలతో రాయండి, ఆర్నెల్ల తర్వాత ఇంకొకరు ఆ ఫైలు తెరిచినప్పుడు వాళ్లకి ఇదొక్కటే ఆధారం.

మోటారుకి హద్దులు

చాంబర్‌ని హోల్డర్‌లో బిగించాక, స్కాన్ మొదలుపెట్టకముందే లిమిట్లు పెట్టండి. ఎడమ, కుడి, ముందు, వెనక, అడుగు, పై మట్టం, ఆరు వైపులా. హ్యాండ్ పెండెంట్‌తో, అంటే చేతి రిమోట్‌తో, ప్రతి చివరికీ నిదానంగా నడిపి, గోడకి కనీసం ఒక వేలు ఎడం ఉండగా ఆపి ఆ స్థానాన్ని లిమిట్‌గా సేవ్ చేయాలి. చాంబర్ ధర లక్షల్లో ఉంటుంది, దాని గోడ పల్చటిది, ట్యాంకు గోడకి కొట్టుకుంటే పగుళ్లు రావడానికి ఎంతోసేపు పట్టదు. చాంబర్ మార్చిన ప్రతిసారీ, హోల్డర్ మార్చిన ప్రతిసారీ లిమిట్లు మళ్లీ పెట్టాలి. గ్యాంట్రీ తిప్పాల్సి వస్తే ట్యాంకు అంచుకి తగలదు కదా అని బంకర్ లోపల నిలబడి చూస్తూ పెండెంట్‌తోనే తిప్పండి, కన్సోల్ నుంచి కాదు.

మోటారు నిజం చెబుతోందా అని కూడా ఒకసారి పరీక్షించాలి. 200 మి.మీ. వెళ్లమని చెప్పి స్టీలు స్కేలుతో కొలవండి. తర్వాత ఒకే బిందువుకి ఎడమ నుంచి వెళ్లి చూడండి, కుడి నుంచి వచ్చి చూడండి. తేడా ఉంటే స్క్రూలో ఖాళీ వచ్చిందని అర్థం. ఇదే పరీక్షని బీమ్‌తో కూడా చేయవచ్చు, ఒకే ప్రొఫైల్ రెండు దిశల్లో తీసి ఒకదాని మీద ఒకటి వేస్తే గీతలు కలవాలి. ఖాళీ ఉన్న ట్యాంకులో ఒకటి జరిగి కనిపిస్తుంది.

వైర్లు, చాంబర్, ఎలక్ట్రోమీటర్

కృష్ణా తీరం ఉక్కపోత గురించి మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కేబుల్ కనెక్టర్‌లో తేమ చేరితే లీకేజ్ కరెంటు వస్తుంది, బీమ్ లేకపోయినా రీడింగ్ ఎక్కుతుంటుంది. కనెక్టర్లకి మూతలు వేసి ఉంచడం, డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టడం, నేల మీద తడి ఉన్నచోట కేబుల్ కలిపే జాగా లేకుండా చూసుకోవడం, ఇవి చిన్నవే కానీ మన వాతావరణంలో వీటితోనే సగం తలనొప్పులు పోతాయి. కేబుల్‌ని గట్టిగా చుట్టకండి, బీమ్‌లోకి ఎక్కువ పొడవు రానివ్వకండి.

చాంబర్ నుంచి వచ్చే సన్నటి కరెంటుని కొలిచే ఎలక్ట్రోమీటర్ ఆన్ చేసి కొంతసేపు వేడెక్కనివ్వండి, చాంబర్‌కి చెప్పిన వోల్టేజీ, చాలావాటికి 300 లేదా 400 వోల్టులు, ఇచ్చి, బ్యాక్‌గ్రౌండ్ తీసేసి, కొంత డోస్ ముందుగా ఇచ్చాకే కొలవండి. ఇక్కడొక ప్రమాదం ఉంది, జాగ్రత్త. చాంబర్ తీసి డయోడ్ (చిన్న సెమీకండక్టర్ డిటెక్టర్) పెట్టినప్పుడు వోల్టేజీ సున్నా చేయాలి. డయోడ్‌కి బయాస్ వోల్టేజీ అక్కర్లేదు, 300 వోల్టులు వెళ్తే అది పాడైపోతుంది. డిటెక్టర్ మార్చే ముందు "వోల్టేజీ సున్నా" అని పైకి అని, పక్కవాళ్ల చేత కూడా అనిపించి, అప్పుడే కనెక్టర్ విప్పండి.

రిఫరెన్స్ చాంబర్‌ని ఫీల్డ్ ఒక మూలన, కదిలే చాంబర్ దారికి నీడ పడని చోట బిగించాలి. లినాక్ అవుట్‌పుట్ క్షణక్షణానికి కొంచెం అటూ ఇటూ అవుతుంటుంది, రెండింటి నిష్పత్తి తీస్తే ఆ ఊగిసలాట పోతుంది. ఫీల్డ్ మరీ చిన్నదైతే రిఫరెన్స్ పెట్టే చోటే ఉండదు, అప్పుడు ఒక్కో బిందువు దగ్గర ఎక్కువసేపు ఆగి కొలిచే పద్ధతికి మారాలి.

స్కాన్

తలుపు వేసే ముందు బంకర్ లోపలంతా ఒకసారి చూసి, చివరి మనిషి నొక్కాల్సిన స్విచ్ నొక్కి బయటికి రండి. మనకి పడే డోస్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఒంటి మీదే ఉండాలి, బ్యాగులో కాదు. బీమ్ ఉన్నప్పుడు సీసీటీవీలో ట్యాంకు కనిపించేలా కెమెరా తిప్పుకోండి, చాంబర్ ఎక్కడికి పోతోందో కళ్లతో చూస్తూ ఉండాలి. ఏఈఆర్‌బీ (అటామిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు) నిబంధనల ప్రకారం ఈ పనులు రేడియాలజికల్ సేఫ్టీ ఆఫీసర్ పర్యవేక్షణలో జరగాలి, ఇంటర్న్‌లు ఒంటరిగా చేసేవి కావు. 10 ఎంవీ కంటే ఎక్కువ ఎనర్జీ నడిపినప్పుడు ఇంకో జాగ్రత్త. ఆ బీమ్‌లు న్యూట్రాన్లు పుట్టిస్తాయి, వాటితో హెడ్‌లోని లోహాలు కాసేపు రేడియోయాక్టివ్ అవుతాయి. అలా పుట్టే అల్యూమినియం-28 అర్ధాయువు 2 నిమిషాల చిల్లర, కాబట్టి బీమ్ ఆపగానే పరుగెత్తుకెళ్లకుండా కొన్ని నిమిషాలు ఆగి, సర్వే మీటర్‌తో చూసుకుంటూ వెళ్లండి.

మొదటి స్కాన్ ఎప్పుడూ సెంటర్ కోసమే. 10×10 సెం.మీ. ఫీల్డ్, 10 సెం.మీ. లోతు, రెండు అడ్డం దిశల్లోనూ ప్రొఫైల్ తీసి, సగం డోస్ ఉన్న రెండు అంచుల మధ్య బిందువు సున్నా దగ్గర పడిందా చూడండి. హెడ్ వేసే వెలుతురులోని ప్లస్ గీతకి (క్రాస్‌హెయిర్‌కి) ట్యాంకుని కలిపాం కదా అని దీన్ని వదిలేయకూడదు, వెలుతురు సెంటరూ రేడియేషన్ సెంటరూ ఒకటే కావాలని లేదు. తర్వాత ఇదే 1.5 సెం.మీ., 20 సెం.మీ. లోతుల్లో తీయండి. లోతు పెరిగేకొద్దీ సెంటర్ ఒకే వైపు జరుగుతూ పోతే ట్యాంకు నిలువు దండం గానీ గ్యాంట్రీ గానీ వాలి ఉంది, ఎక్కువసార్లు మొదటిదే.

పీడీడీని అడుగు నుంచి పైకి తీయండి, పైనుంచి కిందికి తీస్తే మొదట్లోనే నీటి మట్టం కదిలిపోతుంది. ప్రొఫైల్ తీసేటప్పుడు చాంబర్ పొడవు దిశ, కదిలే దిశ ఒకటి కాకూడదు, అడ్డంగా ఉండాలి. లేకపోతే పెనంబ్రా, అంటే 80 శాతం నుంచి 20 శాతానికి డోస్ పడిపోయే ఆ అంచు, ఉన్నదానికంటే వెడల్పుగా కనిపిస్తుంది. వేగం విషయంలో నా అభిప్రాయం గట్టిది: ఆగకుండా నడిపే స్కాన్ పెద్ద ఫీల్డులకి పర్వాలేదు, అంచులకీ చిన్న ఫీల్డులకీ మాత్రం ఆగి ఆగి కొలిచే మోడ్‌లోనే తీయండి. మధ్యలో 2, 3 మి.మీ. అడుగు చాలు, అంచు దగ్గర 1 మి.మీ. లేదా ఇంకా తక్కువ. గీత మీద పళ్లు పళ్లుగా కనిపిస్తే అలలైనా ఉంటాయి, వేగమైనా ఎక్కువై ఉంటుంది. 3 సెం.మీ. కంటే చిన్న ఫీల్డులకి 0.125 సీసీ చాంబర్ వాడొద్దు, అది అంచుల్ని చెరిపేస్తుంది. డయోడ్ గానీ పిన్‌పాయింట్ లాంటి చిన్న చాంబర్ గానీ వాడండి.

గీత చదవడం

6 ఎంవీ, 10×10, ఎస్‌ఎస్‌డీ 100 అయితే డోస్ శిఖరం 1.5 సెం.మీ. దగ్గర, 10 సెం.మీ. దగ్గర 66, 67 శాతం దరిదాపుల్లో రావాలి. ఫ్లాట్‌నెస్ అంటే ఫీల్డ్ వెడల్పులో మధ్య 80 శాతంలో ఎక్కువ తక్కువల తేడాని వాటి మొత్తంతో భాగించి నూరుతో గుణించడం, 10 సెం.మీ. లోతున సాధారణంగా 3 శాతం లోపల ఉండాలి. ఫ్లాటెనింగ్ ఫిల్టర్ లేని బీమ్‌లకి ఈ లెక్క వర్తించదు, వాటి గీత మధ్యలో శిఖరంలా రావడమే సహజం.

పెద్ద ఫీల్డ్‌లో తక్కువ లోతున గీత రెండు అంచుల దగ్గరా కొమ్ముల్లా లేస్తుంది, ఫిల్టర్ అలాగే తయారవుతుంది. ఈ కొమ్ములే ఎనర్జీకి మంచి సాక్ష్యం. ఎనర్జీ కొంచెం పెరిగితే ఫోటాన్లు ఇంకా ముందుకి దూసుకొస్తాయి కాబట్టి మధ్యభాగం లేచి కొమ్ములు తగ్గుతాయి, ఎనర్జీ తగ్గితే కొమ్ములు పెరుగుతాయి. చాలాసార్లు పీడీడీ కంటే ముందే ఇక్కడే తెలిసిపోతుంది.

ఇక ఒరిగిన గీత. ఇదే అందరికీ టెన్షన్ పెట్టేది. ముందు కోలిమేటర్‌ని 180 డిగ్రీలు తిప్పి మళ్లీ తీయండి. ఫీల్డ్ అంచుల తేడా కూడా తిరగబడితే జాల క్యాలిబ్రేషన్ చూడాలి. పైభాగంలోని వాలు తిరగబడకుండా అలాగే ఉంటే అది కోలిమేటర్ కంటే పైనున్నది, లేదా ట్యాంకుది. ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి ట్యాంకు లెవెల్ మళ్లీ నాలుగు మూలలా చూసి, వ్యతిరేక దిశలో స్కాన్ చేసి, రిఫరెన్స్ చాంబర్ ఇంకో మూలకి మార్చి, వీలైతే ట్యాంకునే 180 తిప్పి తీయండి. వాలు ట్యాంకుతోపాటు తిరిగితే తప్పు ట్యాంకుది. ఇవన్నీ అయ్యాక కూడా వాలు గదిలో ఒకే వైపుకి ఉంటే, అప్పుడు ఎలక్ట్రాన్లు టార్గెట్ మీద మధ్యలో కాకుండా పక్కకి పడుతున్నాయేమో, స్టీరింగ్ సరిచేయాలేమో అని సర్వీస్ ఇంజనీరుతో మాట్లాడండి. ఆయన అడిగే మొదటి ప్రశ్న ట్యాంకు లెవెల్ గురించే, అప్పటికి మీ దగ్గర జవాబు కాగితం మీద ఉండాలి.

సాఫ్ట్‌వేర్‌లో గీతని నున్నగా చేసే బటనూ, రెండు వైపులా ఒకేలా మార్చే బటనూ ఉంటాయి. ప్లానింగ్ సిస్టమ్‌కి ఇచ్చే డేటాకి వాటితో పని పడవచ్చు. కానీ అసలు గీతని చూడకముందు వాటి జోలికి వెళ్లకండి, ముడి ఫైలుని వేరే ఫోల్డర్‌లో మార్చకుండా దాచండి. బీమ్ చెప్పేదంతా ఆ ముడి గీతలోనే ఉంటుంది. ఫైలు పేరులో ఎనర్జీ, ఫీల్డ్, లోతు, డిటెక్టర్, తేదీ ఉండాలి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది" లాంటి పేర్లు పెడితే మూడు నెలల తర్వాత ఏది నిజమో ఎవరికీ తెలియదు.

నెలనెలా చేసే తనిఖీకి ఈ ట్యాంకంతా అక్కర్లేదు, కౌచ్ మీద పెట్టే డిటెక్టర్ అర్రే చాలు, బేస్‌లైన్ నుంచి ప్రొఫైల్ 1 శాతం లోపల ఉందా చూసుకోవాలి. ట్యాంకు బయటికొచ్చేది కొత్త మెషీన్ కమిషనింగ్‌కి (వాడకంలోకి తెచ్చే ముందు కొలతలకి), ఏడాదికోసారి జరిగే తనిఖీకి, హెడ్‌లో పెద్ద భాగం ఏదైనా మార్చినప్పుడు. టార్గెట్, ఫ్లాటెనింగ్ ఫిల్టర్, మానిటర్ చాంబర్ వీటిలో ఏది మార్చినా ట్యాంకు తీయాల్సిందే.

పని అయ్యాక

చాంబర్‌ని ముందు బయటికి తీయండి, రాత్రంతా నీళ్లలో ఉంచకూడదు. మెత్తటి గుడ్డతో తుడిచి, గాలికి ఆరనిచ్చి, డబ్బాలో పెట్టండి. అదే రోజు నీళ్లు పంపుతో తీసేయాలి, మర్నాటికి వాడేట్టయితే రిజర్వాయర్‌లోకి మార్చి మూత పెట్టండి, మన వేడికి నాచు తొందరగా పడుతుంది. పట్టాలు, స్క్రూలు పొడిగుడ్డతో తుడవండి, మాన్యువల్‌లో చెబితే తప్ప నూనె వేయొద్దు. నేల మీద పడిన నీళ్లు వెంటనే తుడిపించండి, కేబుళ్లూ కరెంటూ ఉన్న గది అది.

గ్యాంట్రీ 0, కోలిమేటర్ 0, దూరం చూసే ఫ్రంట్ పాయింటర్ తీసి దాని చోటులో, కౌచ్ మీద ఏమీ మిగలకుండా, ఎనర్జీ మామూలు ట్రీట్‌మెంట్ మోడ్‌లో. సర్వీస్ మోడ్‌లో ఏ విలువైనా మార్చి ఉంటే వెనక్కి పెట్టారా లేదా ఇద్దరు చూసి సంతకం చేయాలి. మర్నాడు ఉదయం మొదటి పేషెంటు కంటే ముందు రోజువారీ అవుట్‌పుట్ చెక్ చేసి, అంకె లాగ్‌బుక్‌లో రాశాకే టెక్నాలజిస్టులకి మెషీన్ అప్పగించండి.